నీళ్ళు పోసి పోగొట్టుకున్న చేను

మొన్న మా మనవరాలు టీవీ పెడితే, ఎక్కడో ఎడారి దేశంలో సర్కారే రైతులకు భూమి, బోరు, విత్తనం ఇచ్చి ఇసుకలో కూరగాయలు పండిస్తున్నదని చూపించారు. పిల్ల అబ్బురపడి నన్ను పిలిచింది. నేను చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. అలాంటి ఇసుకలోనే నీళ్ళు పెట్టడానికి ఏనాడో వెళ్ళినవాడు మా తమ్ముడు. ఆ సంగతి ఇంట్లో ఈ తరం వాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు.

మా ఊరు బోధన్ పక్కన, నిజాంసాగర్ కాలువ కింద. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఊరికో నీరటి ఉండేవాడు, కాలువ నీళ్ళు ఎవరి మడికి ఎంత వదలాలో అతనే చూసేవాడు. మా బాపు ఆ పని చేశాడు, బాపు తర్వాత తమ్ముడు. పార భుజాన వేసుకుని వాడు చెరుకు తోటలోకి దిగితే, వాడిది చల్లని చెయ్యి అని అవ్వ మురిసిపోయేది. మొక్కను దాహంతో ఉంచడం మా ఇంట్లో పాపం కింద లెక్క. చుట్టానికి సగం అన్నం పెట్టి లేపడం లాంటిదే అనేది ఆమె.

డెబ్బైల మొదట్లో పక్కింటి దర్జీ చాచా కొడుకు ఒక ఎడారి దేశం నుంచి సెలవుకు వచ్చాడు. అక్కడ సర్కారు ఒంటెలు మేపుకునేవాళ్ళను రైతులను చేస్తున్నదనీ, నీళ్ళు పెట్టడం తెలిసిన మనిషి కావాలనీ చెప్పాడు. నీళ్ళు పెట్టడమూ ఒక కొలువేనా అని అందరం నవ్వుకున్నాం. తమ్ముడు వెళ్ళాడు.

వాడికి దొరికిన యజమాని ఒక ముసలాయన, ఒంటెలన్నీ అమ్ముకుని వ్యవసాయంలోకి దిగినవాడు. మొదటి పంట నిలబెడితేనే భూమి ఆయనది, లేకపోతే సర్కారు వెనక్కి తీసుకుంటుంది. టమాట మొక్కల మొదళ్ళ దగ్గర కొద్దికొద్దిగా మాత్రమే తడపమని సర్కారు మనుషులు చెప్పిపోయారట. ఎండకు తలలు వాల్చిన మొక్కలను చూసి మావాడి మనసు ఒప్పలేదు. నిండా పారించాడు. కొన్నాళ్ళు చేను కళకళలాడింది, ముసలాయన మావాడి చేతులు పట్టుకుని వదల్లేదట. తర్వాత మట్టి మీద తెల్లగా ఉప్పు తేలింది. మన దగ్గర చౌడు తేలితే ఏం చేస్తాం? మడి నిండా కాలువ నీళ్ళు పెట్టి, ఉప్పు కరిగాక కిందికి వదిలేస్తాం. వాడూ అదే చేశాడు. కానీ అక్కడ బోరు నీళ్ళలోనే ఉప్పు, ఆ నీళ్ళు పోవడానికి దారి లేదు. పెట్టినకొద్దీ చేను తెల్లబడి మొక్కలన్నీ మాడిపోయాయి. సర్కారు భూమి తీసేసుకుంది. ముసలాయన మావాణ్ణి పల్లెత్తు మాట అనకుండా పట్నానికి కూలికి పోయాడట.

తమ్ముడు తిరిగొచ్చేసరికి నేను బాలింతనై పుట్టింట్లోనే ఉన్నాను. కంచం ముందు కూర్చున్నాడు, ముద్ద ఎత్తడు. ఏమైందిరా అని అడగ్గా అడగ్గా చివరికి నోరు విప్పాడు.

"ఎండబెట్టి సంపలేదక్కా. నీళ్ళు పోసి సంపిన."

నీ తప్పు కాదురా అంటే వినేవాడా, ఒట్టి మొండివాడు. మరునాడు బాపు పార చేతికిస్తే గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. మళ్ళీ కాలువ గట్టు ఎక్కలేదు. నిజామాబాద్‌లో మూటలు మోసి బతికాడు, పెళ్ళి వద్దన్నాడు. ఊళ్ళో నీళ్ళ తగాదా వచ్చినప్పుడల్లా పెద్దమనుషులు వెళ్ళి బతిమాలితే, నా చెయ్యి మంచిది కాదని పంపించేసేవాడు.

ఇప్పుడు మా పొలంలోనూ సర్కారు రాయితీ మీద ఇచ్చిన సన్న పైపులే. మొక్క మొదట్లో చుక్క చుక్క పడుతుంది. నీరటి లేడు, కాలువ గట్టు మీద మనిషి అలికిడి లేదు. నా కొడుకు అవి సంబరంగా చూపిస్తుంటే నాకు ఏడుపు ఆగదు. ఆ రోజుల్లో తక్కువ పెట్టడం కూడా మొక్కను సాకడమేనని తమ్ముడికి చెప్పే మనిషి మాలో ఒక్కరూ లేకపోయారు. అక్కనై ఉండి నాకూ తెలియదు. వాడు పోయేముందు తులసినీళ్ళు నేనే పోశాను. చెయ్యి అడ్డం పెట్టి, కొంచెమే పొయ్యమన్నాడు.