అక్క వాటాకొచ్చిన వాగు

మనుషుల మీద కుళ్లుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఎప్పుడో ఎండిపోయిన వాగు మీద కుళ్లుకున్నది మా మండలంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వడ్డేపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్లో పొలం పంపకాలయ్యేనాటికి రెండువేల సంవత్సరం వచ్చి ఎంతో కాలం కాలేదు. మా దగ్గర పెద్దకొడుకు భూమిని రెండు వాటాలు చేస్తాడు, చిన్నకొడుకు వాటిలో నచ్చినది ముందుగా కోరుకుంటాడు. అట్లా అయితే ఎవరూ ఎవరినీ మోసం చేయలేరని. మా ఆయన చిన్నవాడు. తూర్పు వాటా నున్నటి నల్లరేగడి. పడమటి వాటా నిండా నున్నటి గులకరాళ్లు, కాలు పెడితే జారేటట్టు. నేను వనపర్తి వైపు ఎర్రనేలల్లో పుట్టినదాన్ని. నా సెలవులన్నీ మా నాన్న చెలకలో రాళ్లు ఏరడంతోనే గడిచిపోయాయి.

"మళ్ల రాళ్లేరనీకేనా నన్ను చేసుకొచ్చింది?" అన్నాను మా ఆయనతో.

ఆయన నల్లరేగడి కోరుకున్నాడు. గులకరాళ్లు బావకు పోయాయి. బావ భార్యను నేను అక్కా అని పిలుస్తాను. నాకు ఆ పూట అన్నం చాలా రుచిగా ఉంది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. మేం బోరు వేయిస్తే దుమ్ము లేచింది. పైన నల్లమట్టి, దాని కింద తెల్లటి సున్నపు గడ్డలు, ఆ కింద బండ. బావ తన వాటాలో బావి తవ్వించాడు. లోపల కూడా అవే గులకరాళ్లు, మందంగా, ఇసుకతో కలిసి. వాటి సందుల్లోంచి నీళ్లు ఊరాయి. ఊరంతా వచ్చి చూసింది. నేను పోలేదు. కానీ మా గట్టు మీద నిలబడితే అక్క మిరపచేను కనిపించేది, పచ్చగా, కళ్లలో పొడిచినట్టు. అక్కా నేనూ ఒకే చోట గడ్డి కోసుకునేవాళ్లం. ఆమె మోపు పెద్దదైతే నాకు కోపం, ఆమె నవ్వితే కోపం, నాకు సాయంగా మోపు ఎత్తితే ఇంకా కోపం.

ఒకనాడు గద్వాల వైపు నుంచి జీపులో కాలేజీ పిల్లలు వచ్చారు, రాళ్ల చదువు చదివేవాళ్లు. బావి గోడలో మట్టి పొరలు చూడాలన్నారు. అప్పుడు పోయాను నేను. వాళ్లలో ఒకమ్మాయి నాకు ఓపిగ్గా చెప్పింది.

"ఆంటీ, ఇక్కడ వేల ఏళ్ల కింద వాగు పారింది. ఈ రాళ్లు దాంట్లో దొర్లి దొర్లి నున్నగయినయి."

"మా దాంట్లనో?"

ఆ అమ్మాయి మా చేనికి వచ్చి సున్నపు గడ్డలు ఏరుకుంది. ఇవి వానలు తక్కువైన కాలాల గుర్తు అంది. ఉత్తరాన దేశాలకు దేశాలనే మంచు కప్పేసిన కాలంలో ఇక్కడ వానలు సన్నబడ్డాయట. నేల ఎండుతుంటే లోపలి సున్నం ఇట్లా గడ్డ కట్టిందట. ఆ మంచు కరిగాక వానలు మళ్లీ ఊపందుకున్నాయట.

"మంచు గిక్కడ గూడ పడెనా?" అన్నాను.

"ఇక్కడిదాకా రాలేదాంటీ. కానీ అక్కడ మంచు పెరిగితే ఇక్కడ వానలు తగ్గినయి."

ఇదేం న్యాయమో నాకర్థం కాలేదు. ఎక్కడిదో మంచు, ఎన్నడో కరిగింది, పారిన వాగన్నా మా వైపు పారలేదు. కరువంతా నా వాటాకు, వాగంతా అక్క వాటాకు. పోయేముందు ఆ అమ్మాయి బావిలోకి తొంగిచూసి, వానలు తగ్గితే ఈ నీళ్లూ నిలవవని చెప్పింది. అక్క ముఖం వాడిపోయింది. నాకు కడుపులో చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం ఎంతోకాలం నిలవలేదు. మా మిరపచెట్లు తలలు వాల్చేశాయి. ఈ పంట పోతే ఇంటికి తాళం వేసి పుణె పోదాం, మట్టిపనికి, అన్నాడు మా ఆయన. ఆ మాట ఎవరు చేరవేశారో, అక్క మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"దినం తప్పి దినం నీళ్లు పెట్టుకోండ్రి. కాలువ తీస్కోమను మీ ఆయనను."

వద్దందామని నోటిదాకా వచ్చింది. పుణె గుర్తొచ్చి మింగేశాను. చేను బతికింది, తాళం వేయాల్సిన పని పడలేదు. కానీ నీళ్లు కాలువలో నా వైపు వస్తున్నప్పుడల్లా అవి ఆమెవే కదా అని ఒళ్లు మండేది. పెట్టే చెయ్యి ఆమెది, పట్టే దోసిలి నాది.

మరుసటి ఎండాకాలం బావిలో నీళ్లు దిగడం మొదలైంది. ఒకప్పుడు నేను కోరుకున్నదే. ఇప్పుడు తెల్లారగానే అక్క కంటే ముందు పోయి, గులకరాళ్ల పొర ఇంకా తడిగా ఉందా లేదా అని చూసేదాన్ని. అట్లా వంగి చూస్తుంటే ఒకరోజు అక్క పార భుజాన వేసుకుని వచ్చింది.

"నాకన్నా నీకే ఎక్కువ రంది పట్టుకున్నదే," అంది. తనూ బావిలోకి తొంగిచూసి, నెమ్మదిగా అడిగింది. "ఒక్క మాట చెప్పు. ఆ దినం మీరు గీ రాళ్ల చేను కోరుకొని ఉంటే, నువ్వు నాకు నీళ్లిస్తుంటివా?"

"ఎందుకియ్యకపోదునక్కా," అన్నాను, ఆమె వైపు చూడకుండా.

"ఇయ్యకపోతుంటివి," అంది అక్క. కోపంగా కాదు, ఇవాళ ఎండ ఎక్కువుందన్నట్టే అంది. తర్వాత మోటారు వేసి, పారతో కాలువ కట్ట తెంపి, నీళ్లు నా చేని వైపు మళ్లించింది.