మేస్త్రీ గారి గులాబీ చుక్కలు

కార్ల షెడ్డులో ఆయన పని రంగు కలపడం. గుద్దుకుని వచ్చిన కారుకి ఒకాయన సొట్ట తీస్తాడు. ఇంకొకాయన పుట్టీ పెట్టి రుద్దుతాడు. ఆ తర్వాత, మిగిలిన కారుకి సరిపోయే రంగు కలిపి కొట్టేది మేస్త్రీ. ఆయన దృష్టిలో తెలుపు ఒకటే రంగు కాదు. పసుపు సోకిన తెలుపు ఉంది, నీలం సోకిన తెలుపు ఉంది, లోపల కూర్చున్నవాడు సిగరెట్లు కాల్చగా మారిన తెలుపు ఉంది. డబ్బా మీద ఏ నంబరు రాసినా ఆయన చూడడు. కారు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. మూతి బిగిస్తాడు. వెళ్ళి కలుపుతాడు.

కళ్ళు తప్ప ఆయనలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పొట్టి మనిషి. చెవులు పెద్దవి, కానీ వాటిని వాడినట్టు కనబడదు. ఇంట్లో ఆయన మాటని గోడ గడియారం చప్పుడులాగే వినేవారు. రంగు విషయం వస్తే మాత్రం అందరూ ఆగేవారు. భార్య బట్టల కొట్టుకి వెళితే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేది. "ఎరుపు కాదది, ఇటుక" అనేవాడు, అడక్కుండానే. కొట్టువాడి ముఖం కూడా కాస్త ఇటుక రంగుకి తిరిగేది.

అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడకి అల్లుడి కళ్ళంటే గౌరవం. మిగతా అల్లుడంటే లేదు.

ఒక ఆదివారం మరదలు వచ్చింది. ఆమె చేతిలో చిన్న కుండీ, అందులో ఒక మొక్క. పచ్చటి ఆకుల నిండా గులాబీ రంగు చుక్కలు, ఎవరో తడి బ్రష్షు దులిపినట్టు.

"ఎవడు చేశాడు ఈ పని?" అన్నాడు మేస్త్రీ.

"ఎవరూ చెయ్యలేదు బావా. దాని ఆకులే అంత."

"స్ప్రే గన్ను ఉమ్మితే ఇలాగే పడుతుంది. మా షెడ్డులో అయితే ఇలా కొట్టినవాణ్ణి పనిలోంచి తీసేస్తాం."

"దీన్ని తీసెయ్యకు, పెంచు. ఇంట్లో పెట్టుకునే మొక్క. అక్కకిస్తే నీళ్ళు పొయ్యడం మర్చిపోయి చంపుతుంది. అమ్మకిస్తే తిట్టి చంపుతుంది. ఈ ఇంట్లో కాస్త ఓపికున్నది నీకే."

"దాన్ని ఓపిక అనరే, నోరు లేకపోవడం అంటారు" అంది అత్తగారు పక్క గదిలోంచి.

చుక్క పడకుండా రంగు కొట్టడమే ఆయన జీవితం. ఒక్క చుక్క పడినా తలుపంతా రుద్ది మళ్ళీ కొట్టాలి. అలాంటిది, కావాలని చుక్కలేసుకుని పుట్టినదాన్ని ఆయన చాలాసేపు చూశాడు. నచ్చింది. ఎవరితోనూ అనలేదు.

మర్నాడు ఒక ఆకు తుంచి చొక్కా జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాడు. రంగు సరిపోయిందో లేదో చూడ్డానికి షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కలిపిన రంగుని ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరాక కారుకి ఆనిస్తారు. అట్ట కనబడకుండా పోతే రంగు కుదిరినట్టు. మేస్త్రీ ఆ గులాబీని కలిపాడు, అట్ట మీద కొట్టాడు, ఆకు చుక్కకి ఆనించాడు. అట్ట కనబడలేదు.

"ఎవరి కారు?" అన్నాడు సొట్టలు తీసే అతను.

"కారు కాదు. ఆకు."

అతను ఇంకేమీ అడగలేదు. పెళ్ళైన మగాళ్ళని కొన్ని అడగకూడదని అతనికి తెలుసు.

ఆ అట్టముక్కని దారంతో కుండీకి కట్టాడు మేస్త్రీ. ఇక మొక్కని ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. ఎండలో నిలబెట్టిన కారు ఏమవుతుందో ఆయనకంటే తెలిసినవాడు లేడు. ఎర్ర కార్లు పాలిపోయి వచ్చేవి, నల్లవి బూజు పట్టినట్టు వచ్చేవి. రంగుకి శత్రువు వెలుతురే. అందుకని కుండీని ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య సందులో పెట్టాడు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ వస్తువు కావాలంటే తడుముకోవాలి. అది చాలదన్నట్టు, పనికి వెళ్ళేముందు మొక్క మీద న్యూస్ పేపరు కప్పేవాడు, రంగు కొట్టేముందు కారు అద్దాలకి కప్పినట్టు. సాయంత్రం రాగానే తీసి, మెత్తటి గుడ్డతో ఆకాకూ తుడిచేవాడు.

"మన పిల్లకి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంతలా తుడవలేదు మీరు" అంది భార్య.

"అది కదులుతుంది. ఇది కదలదు."

కొన్నాళ్ళకి ఒక పొద్దున అట్టని ఆకుకి ఆనిస్తే, అట్ట కనబడింది. అట్ట గులాబీగా ఉంది. ఆకు అంతగా లేదు.

అక్కడ మేస్త్రీ తప్పు చేశాడు. ఆ పనిలో ఉన్నవాడు మాత్రమే చెయ్యగల తప్పు. షెడ్డులో ఒకటే ధర్మం: కారుకీ అట్టకీ తేడా వస్తే తప్పు అట్టదే. కారు అబద్ధమాడదు. అట్ట వేసినవాడే పొరబడ్డాడు. ఏ కారూ తనంతట తాను గులాబీ నుంచి పచ్చకి జారిపోవడం ఆయన చూడలేదు. కాబట్టి ఆకు మారిందేమో అన్న అనుమానమే రాలేదు. ఆ రోజు తానే రంగు ఎక్కువ కలిపాననుకున్నాడు. మళ్ళీ కలిపి ఇంకో అట్ట వేశాడు. కొన్నాళ్ళకి అదీ తప్పయింది. ఇంకోటి వేశాడు. అదీ తప్పే. కుండీకి అట్టలు వేలాడుతూ పోయాయి, మెళ్ళో పతకాల్లాగా. మొక్క మాత్రం సన్నగా, పొడుగ్గా సాగి, పచ్చబడి, ఫ్రిజ్జు వెనక్కి తొంగిచూస్తోంది.

నా కళ్ళు పోతున్నాయి అనుకున్నాడు మేస్త్రీ.

కళ్ళు పోతే మిగిలేది పొట్టివాడూ, చెవులూ. ఈ సంగతి ఆయనకి బాగా తెలుసు.

షెడ్డులో ప్రతి రంగూ రెండుసార్లు చూడ్డం మొదలుపెట్టాడు. ఒకరోజు అట్ట పట్టుకుని సొట్టలతని దగ్గరికి వెళ్ళాడు.

"ఇది సరిపోయిందంటావా?"

అతను సుత్తి కింద పెట్టాడు. "ఎవర్ని అడుగుతున్నావు?"

"నిన్నే."

"ఇంట్లో అందరూ క్షేమమేనా?"

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన బొమ్మలు చూపించాడు. అంకెలన్నీ చెప్పేశాడు మేస్త్రీ. రెండో బొమ్మలో అచ్చు సరిగ్గా పడలేదని కూడా చెప్పాడు. నీ కళ్ళకి ఏ లోటూ లేదన్నాడు డాక్టరు. మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. ఆ డాక్టరు వేసుకున్న చొక్కా, ప్యాంటు చూశాక అతని మాట మీద ఆధారపడటం కష్టం.

చివరికి షెడ్డు యజమానితో చెప్పేశాడు, రంగు ఇక కలపలేనని. యజమాని బాధపడ్డాడు, మధ్యాహ్నం దాకా. తర్వాత గన్ను తన బావమరిదికి ఇచ్చాడు. బావమరిది చాలాకాలంగా షెడ్డులో కూర్చుని ఉన్నాడు, అతని అక్క కూర్చోమన్నది కాబట్టి. మేస్త్రీ తలుపులు రుద్దే పనిలోకి దిగాడు. ఇంట్లో చెప్పలేదు. వేళ్ళకి రంగు బదులు తెల్ల పొడి అంటుకుని వస్తుంటే ఎవరూ గమనించలేదు. ఆయన్ని గమనించే అలవాటు ఆ ఇంట్లో లేదు.

మొక్క వైపు చూడ్డం కూడా మానేశాడు. నీళ్ళు పొయ్యడమూ తప్పింది. అది మెడలు వేలాడేసింది. అత్తగారికి కనబడింది. జాలి కాదు, ఆవిడకి వంగితే నడుం పట్టేస్తుంది. ఆ సందులోకి వంగి నీళ్ళు పొయ్యడం ఆవిడ వల్ల కాదు. విసుక్కుంటూ కుండీని లాగి, పేపరు తీసి పారేసి, వంటింటి కిటికీ గట్టున పెట్టింది. చెయ్యి కడుక్కున్న నీళ్ళే దానికి పోసేది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున మేస్త్రీ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి ఆగిపోయాడు. మొక్క పైన కొత్త ఆకులు వచ్చాయి. నిండా గులాబీ. అట్టల్లో మొట్టమొదటిది వెతికి ఆనించాడు. అట్ట కనబడలేదు.

స్టూలు మీద కూలబడ్డాడు.

"నా కళ్ళు వచ్చేశాయి" అన్నాడు.

"ఎక్కడికి పోయాయి?" అంది భార్య.

అప్పుడు చెప్పాడు మొత్తం. అట్టలు, డాక్టరు, బావమరిది, తలుపులు రుద్దడం. భార్య పొయ్యి కట్టేసింది. కోప్పడాలో ఏడవాలో తేల్చుకోలేక ఆయన వేళ్ళు తిప్పి చూసింది. అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

"ఆ సందులో పెట్టి మీద కాగితం కప్పితే నేనూ పచ్చబడేదాన్ని అల్లుడూ. దాన్ని ఇక్కడికి మార్చింది నేను. నీ కళ్ళకేం రోగం లేదు. ఉంటే గింటే ఇంకాస్త పైన ఉంది."

మరదలికి ఫోను చేశారు. ఆమె నవ్వు ఆగాక మాటలు వచ్చాయి.

"బావా, ఆకుపచ్చతోనే దాని వంట. చీకట్లో పెడితే, ఉన్న కాస్త వెలుతురు పట్టుకోవడానికి చుక్కలు కూడా మింగేసి ఒళ్ళంతా పచ్చ చేసుకుంటుంది. కిటికీ దగ్గరే ఉంచు. మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా చూడు. మట్టి పూర్తిగా ఆరనివ్వకు. సాగిపోయిన కొసలు గిల్లెయ్యి, పక్కల నుంచి గుబురుగా వస్తుంది."

"గిల్లడమా?"

"నీ వల్ల కాకపోతే అమ్మకివ్వు. మా ఇద్దర్నీ గిల్లే పెంచింది."

అత్తగారు అప్పటికే గిల్లుతోంది.

మేస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకి వెళ్ళాడు. దారిలో ఒక అబద్ధం తయారు చేసుకున్నాడు: ఏదో మందు వాడాను, చూపు తిరిగొచ్చింది అని. గేటు దాకా అది బాగానే ఉంది. లోపల బూడిద రంగు కారు ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన ఒక లెక్కల టీచరు, చేతులు కట్టుకుని. తలుపుకి రెండోసారి రంగు కొట్టించుకోవడానికి వచ్చింది ఆవిడ.

"నా కారుకి పక్కింటి వాళ్ళ తలుపు తగిలించినట్టుంది" అంటోంది యజమానితో. బావమరిది కారు చాటున నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ ఆ తలుపు చూశాడు. నీలం ఎక్కువైంది. దూరం నుంచే తెలిసిపోతోంది. తయారు చేసుకున్న అబద్ధం అక్కడే నోట్లో ఎండిపోయింది.

"నా కళ్ళు పోలేదు" అన్నాడు యజమానితో. "మొక్కని చీకట్లో పెట్టాను."

యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. అందర్నీ పిలుస్తాను, మళ్ళీ చెబుదువుగాని."

మళ్ళీ చెప్పాడు. సొట్టలతను టైరు మీద కూర్చుని నవ్వాడు, లేచి నిలబడి నవ్వాడు. టీచరు మొహం అటు తిప్పుకుంది. మేస్త్రీ కదలకుండా నిలబడి, అందరి నవ్వులూ అయిపోయేదాకా ఆగాడు.

"ఆ తలుపు నాకిస్తారా?"

"మా బావమరిదిని అడగాలి" అన్నాడు యజమాని.

బావమరిది అప్పటికే గన్ను తెచ్చి మేస్త్రీ చేతిలో పెడుతున్నాడు. "మీకు పుణ్యముంటుంది మేస్త్రీ గారూ. మా అక్కతో మాత్రం మీరే లాక్కున్నారని చెప్పండి."

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మూతి బిగించాడు. వెళ్ళి కలిపాడు.

రెండు రోజులకి టీచరు వచ్చింది. కారు చుట్టూ తిరిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తిరిగింది. ఒక తలుపు మీద వేలు పెట్టి తీసింది, ఇంకో తలుపు మీద పెట్టింది.

"ఇంతకీ ఏ తలుపుకి కొట్టారు?"

"ఇదేనండీ" అన్నాడు బావమరిది ధీమాగా, అవతలి వైపు తలుపు చూపిస్తూ.

మేస్త్రీ గన్ను కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.