రబ్బరు మీటలు

ఆమె బూట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. మనిషి మొహం కన్నా ముందు కాళ్ళ వంక చూడటం అక్కడ అబ్బిన అలవాటు. మొగుణ్ణి మొదటిసారి చూసినప్పుడూ అంతే. బాగుచేయించుకోవడానికి అతను ఒక జత బూట్లు తెచ్చాడు. ఎడమది నిన్న కొన్నట్టుంది, కుడిదాని అడుగు ముందువైపు అరిగి చిల్లుపడింది.

"కుడికాలొక్కదానితోనే నడుస్తారా ఏమిటండీ?" అని అడిగింది.

అతను నవ్వి, తను గిటారు వాయిస్తాననీ, చేతులు తీగల మీద ఉంటే కుడికాలు కింద మీటలు నొక్కుతూ ఉంటుందనీ చెప్పాడు. ఆమె నమ్మలేదు. కావాలంటే వచ్చి చూడమన్నాడు. చూడటానికి వెళ్ళింది, అదే సంసారమై కూర్చుంది.

మీటలంటే అరచేతిలో పట్టే ఇనప డబ్బాలు. ఒక్కోదాని నెత్తిన ఒక గుండీ ఉంటుంది. పాత అలమారా చెక్క మీద వాటిని వరసగా అతికించి, పొట్టి వైర్లతో ఒకదానికొకటి కలిపి ఉంచేవాడు. ఒకటి నొక్కితే గిటారు గొంతు బొంగురుపోతుంది. ఇంకొకటి నొక్కితే లోయలో అరిచినట్టు మోగి మోగి వెనక్కొస్తుంది. మూడోది నొక్కితే స్వరం నీళ్ళలో ఊగుతున్నట్టుంటుంది. మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది. ఆ చెక్కా, దాని పిడీ, వైర్లూ అన్నీ అతను ఇంట్లో చేసుకున్నవే. వంటగట్టు మీద సోల్డరింగ్ పొగ లేపుతుంటే ఆమె విసుక్కునేది. మీరు వండిన వైర్లే రాత్రికి వడ్డిస్తాననేది. అతను వింటూనే ఇంకో వైరు అతికేవాడు.

బ్యాండులో నలుగురైదుగురు. హోటళ్ళలో, హాళ్ళలో వాయించేవారు. పాటగాడే వాళ్ళందరికీ పెద్ద. డ్రమ్ములు వాయించేవాడు ఇతన్ని అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలుస్తూ ఇంట్లో మనిషిలా తిరిగేవాడు.

షుగరు ఉందని డాక్టరు చెప్పినప్పుడు అతను చెవినపెట్టలేదు. గుర్తొస్తే మాత్ర వేసుకునేవాడు, లేకపోతే లేదు. ఆమె పోరి పోరి అలిసిపోయింది. కొన్నేళ్ళు పోయాక పాటల్లో తేడాలు మొదలయ్యాయి. గిటారు గొంతు బొంగురుపోవలసిన చోట పోదు, ఆగవలసిన చోట ఆగదు. పాటగాడు పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి చూసేవాడు. అతనేమో తప్పంతా డబ్బాల మీదికి నెట్టాడు. వైర్లు మార్చాడు. గుండీలు విప్పి తుడిచాడు. ఇల్లంతా మరలూ వైర్లూ పరిచి, కాలు పెట్టే చోటు లేకుండా చేశాడు.

అసలు సంగతి ఆమె కంటపడింది. ఒక సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి అతను బూట్లు విప్పితే, కుడి మేజోడు రక్తంతో తడిసి ఉంది. ఆమె బూటు లోపల చెయ్యి పెట్టి తడిమింది. అడుగులోంచి చిన్న మేకు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఆ మనిషి దాని మీదే నిలబడి ఉన్నాడు.

"నొప్పెట్టలేదా?" అంది.

"ఎక్కడ?" అన్నాడు.

ఆమె నేల మీద కూర్చుని, అతని పాదం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. అతను ఆమె మొహం వంకే చూస్తున్నాడు, ఇప్పుడు ఏ వేలు నొక్కుతోందో అక్కడేమన్నా తెలుస్తుందేమోనని.

ఆ రోజు నుంచి అతను డబ్బాలు బాగుచేసే జోలికి పోలేదు. ఆమే వాటిని పట్టుకుంది. కార్ఖానాలో దారం అయిపోయిన ప్లాస్టిక్ రీళ్ళు బోలెడు పడి ఉండేవి. మేస్త్రిని అడిగి కొన్ని తెచ్చింది. వాటిని కోసి, మధ్య బెజ్జంలో గుండీ బిగుతుగా ఇమిడేలా చెక్కి, పైన బూటడుగు రబ్బరు అతికించింది. ఒకటి పొట్టిది, ఒకటి మధ్యరకం, ఒకటి బాగా పొడుగు. పాదానికి తెలియకపోయినా కాలు ఎంత ఎత్తులో ఆగిందో మోకాలికి తెలుస్తుంది కదా అని ఆమె ఆలోచన. పక్కదాని మీద కాలు పడకుండా మధ్యలో చెక్కముక్కలతో గోడలు కట్టింది.

డ్రమ్ములవాడు చూసి, అన్నకి బోర్డు చెయ్యమంటే బొమ్మరిల్లు కట్టావేమిటి వదినా అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కొన్నాళ్ళు పాటలు దారిలో పడ్డాయి. పాటగాడు వెనక్కి తిరగడం మానేశాడు.

కానీ తిమ్మిరి ఆగలేదు. చీలమండ దాటి పైకి పాకింది. ఒంటికాలి మీద నిలబడితే అతను తూలిపోయేవాడు. ఆమె ఎత్తు కుర్చీ చేయించింది. కూర్చుని వాయిస్తే చూసేవాళ్ళకి హుషారేముంటుందని పాటగాడు గొణిగాడు. మోకాలితో నెట్టే పలక ఒకటి చేసింది. దాన్ని నెట్టబోతే కుర్చీయే పక్కకి జరిగింది. ఇక లాభం లేదని పొడుగాటి వైర్లు తెచ్చి, బోర్డుని స్టేజీ పక్క తెర చాటుకి లాక్కొచ్చి, ముందు పీట వేసుకుని కూర్చుంది. మీరు వాయించండి, నేను నొక్కుతానంది.

ఇంట్లో విని విని ఆ పాటలన్నీ ఆమెకి నోటికొచ్చు. చేత్తో నొక్కేది. మొదటి రోజు ఒక్క పొరపాటు కూడా జరగలేదు. ఇంటికొచ్చేటప్పుడు దారంతా అతను ఆమె చెయ్యి పట్టుకునే నడిచాడు. తూలకుండా ఉండటానికని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు. అందుకు కాదని ఆమెకి తెలుసు.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక హోటల్లో వాయిస్తుండగా, అతనికి ఎందుకో ఊపొచ్చింది. పాట మధ్యలో గిటారు ఒంటరిగా మోగే చోట, రోజూ దిగే మలుపు దగ్గర దిగకుండా పైకి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా అలా వాయించలేదు. ఆమె మాత్రం ఆపడానికి రోజూ నొక్కే చోటే నొక్కింది. ఉన్నట్టుండి శబ్దం సన్నగిల్లి పీలగా మిగిలింది. జనంలో ఎవరూ పట్టించుకోలేదు. అతను తెర వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మరిచిపోయినదేదో గుర్తొచ్చినట్టుంది.

ఆ తరవాత అతను ఎప్పుడూ దారి తప్పలేదు. ఆమె బతిమాలింది, మీకు తోచినంతసేపు వాయించండి, తలూపితేనే ఆపుతానని. ఎప్పుడు తలూపాలో ముందే తెలిసేట్టయితే ఇక వాయించడం దేనికి అన్నాడు. అయినా ఆమె కోసం తలూపేవాడు. సరిగ్గా, రోజూ ఒకేచోట. చూడటానికి బ్యాండు బాగానే నడుస్తోంది. తెర చాటున కూర్చున్న ఆమెకి మాత్రం అతని గిటారు రోజురోజుకీ చిక్కిపోతున్నట్టు వినబడేది.

ఒకరోజు వైర్లు చుడుతూ అతనే అన్నాడు.

"నువ్వు బాగానే నొక్కుతున్నావు. నేనే నీ చేతిని చూసుకుంటూ వాయిస్తున్నాను."

"ఇంకోటేదైనా చేస్తానండీ. మోచేతికి..."

"ఇంకేం చెయ్యకు."

మెల్లగానే అన్నాడు. ఆమె చేతిలోని వైరు కింద పెట్టేసింది. ఆ వారమే అతను బ్యాండు మానేశాడు. పాటగాడు ఇంటికొచ్చి నాలుగు మంచిమాటలు చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కుడి మడమ మీద పుండు ఎప్పుడు లేచిందో ఎవరికీ తెలియదు. రోజూ కాళ్ళు కడిగి చూసే ఆమెకే తెలియలేదు, పగిలిన మడమే అనుకుంది. ఆస్పత్రిలో ముందు వేళ్ళు తీశారు. మానలేదు. తరవాత పాదమే తీసేశారు. మత్తు దిగాక అతను దుప్పటి ఎత్తి చూడలేదు. ఆమె బయటికొచ్చి వరండా గోడకి ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. ఏమన్నా చెయ్యడానికి చేతులు వెతుక్కుంటున్నాయి, చెయ్యడానికేమీ లేదు.

కొన్ని నెలలకి డ్రమ్ములవాడు బ్యాండులో చేరిన కొత్త గిటారిస్టుని వెంటబెట్టుకొచ్చాడు. రబ్బరు మీటల సంగతి విన్నాననీ, అలాంటివే ఒక వరస చేసిపెట్టమనీ ఆ మనిషి మర్యాదగా అడిగాడు. ఆమె గుమ్మంలోంచే పంపెయ్యబోయింది. లోపలినుంచి మొగుడు రమ్మని పిలిచాడు. మంచం కింది నుంచి బోర్డు తీయించి, రబ్బరు మీటలు ఒక్కొక్కటే ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. పొట్టిది ఎక్కడ, పొడుగుది ఎక్కడ అని ఓపిగ్గా చెప్పాడు. వచ్చినాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"అతని కాళ్ళు బాగానే ఉన్నాయా?" అని మొగుడు అడిగాడు తలుపు మూశాక.

"బాగానే ఉన్నాయి."

"మరి ఇవెందుకట?"

"తేలిగ్గా ఉంటాయట," అంది.

అతను తలూపాడు. ఆమె బోర్డుని మళ్ళీ మంచం కిందికి తోసింది. లేచేసరికి అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాఫీ పెట్టనా అని అడిగింది. వద్దన్నాడు. పోనీ కిటికీ తియ్యనా అంది.