ఎండకు కాస్త ఎడంగా

టెల్సే పెర్మీన్ నలభై ఏళ్లు వార్నెముండే సముద్రపు ఒడ్డున పేము కుర్చీలు అల్లింది. ఇద్దరు పట్టే వెడల్పు, తల మీద గూడు, మూడు పక్కలా గోడలు. బయట గాలి ఎంత కొట్టినా లోపల వెచ్చగా ఉంటుంది. వేళ్లు మొరాయించాక పని మానేసింది కానీ ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. చెల్లెలి కూతురు గేజినె రేవులో పనిచేస్తుంది. ఓడల్లో వచ్చేవాళ్లను ఊళ్లో తిప్పి చూపించే పని ఇప్పించి, మొదటి రోజే గట్టిగా చెప్పింది.

"పెద్దమ్మా, నువ్వు కబుర్లు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఓడ కదిలేలోగా మనుషుల్ని తెచ్చెయ్. ఒక్కళ్లు మిగిలిపోయినా నిన్ను మళ్లీ పిలవరు."

వచ్చింది బవేరియా కొండల నుంచి ఒక జంట, అలోయిస్, వాల్బుర్గా. టెల్సే ఆ ఊరి తీరున "మోయిన్" అని ఒక్క మాటతో పలకరించింది. ఇంకేమైనా అంటుందేమోనని వాళ్లు చూశారు. అనలేదు. ఆ లోటు అలోయిసే తీర్చాడు. పాత కాలువ పొడుగునా చేప పెట్టిన రొట్టె చేత్తో పట్టుకుని తన ఆవుల సంగతులు చెబుతూ నడిచాడు. గోడవైపు తిరిగి తినమని టెల్సే చెప్పేలోపే సీగల్ ఒకటి వాలి, చేపను లాక్కుపోయింది.

"నోరు తెరిచింది నువ్వు, తిన్నది అది," అంది వాల్బుర్గా.

దీపస్తంభం దాటి ఇసుకలోకి దిగారు. కుర్చీలన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉన్నాయి. ఈ ఒడ్డుకు సముద్రం ఉత్తరాన, ఎండ దక్షిణాన. ఇంత దూరం వచ్చి ఇసుకదిబ్బను చూడాలా అని అలోయిస్ గొణిగాడు.

"సముద్రం ఎక్కడికీ పోదు. ఎండ పోతుంది," అంది టెల్సే.

కుర్చీలు అద్దెకిచ్చే హిన్నెర్క్ రెండు కుర్చీలకు ముందు బిగించిన చెక్క తడకల తాళాలు తీశాడు. వాటిని టెల్సే తనే పట్టి తిప్పింది. ఎండకు నేరుగా కాదు, కాస్త తూర్పుకు. అతను సరిచేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇన్నేళ్లు అల్లి, తిప్పడం మర్చిపోయావా టెల్సే?"

"నీ పని చూసుకో."

ఒక దాంట్లో జంట, రెండో దాంట్లో టెల్సే. ఆవుల కథ సగంలో ఆగింది. కాసేపటికి రెండు కుర్చీల్లోంచీ గురకలు వినిపించాయి. అక్కడ రేవు గేటు దగ్గర గేజినె మెడ సాచి చూడడం మొదలుపెట్టింది.

ఎండ పడమటికి జరిగింది. పక్కగోడ నీడ మెల్లగా మొహాల మీదికి పాకింది. వెచ్చదనం పోగానే వాల్బుర్గా తుమ్మి లేచింది.

"ఎండేదమ్మా? కుర్చీ సరిగ్గా తిప్పలేదు మీరు."

టెల్సే అప్పటికే బూట్లలో ఇసుక దులుపుకుంటోంది.

"సరిగ్గానే తిప్పాను. ఎండ మొహం మీదే ఉంటే నాకు మెలకువ రాదు, మీకూ రాదు. నడవండి, ఓడకు టైమైంది."

గేజినెకు వాళ్లు కనబడేసరికి అలోయిస్ రెండో ఆవు కథలో ఉన్నాడు. ఓడ మెట్లెక్కుతూ కూడా వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నాడు. టెల్సే చెయ్యి ఊపింది.

మళ్లీ ఓడ వచ్చిన రోజు, ఒడ్డు చివర రెండు కుర్చీలు వంకరగా ఉన్నాయని ఎవరో తిప్పబోయారు.

"ముట్టుకోకండి, అవి టెల్సేవి," అన్నాడు హిన్నెర్క్.