సింకుకి పెట్టబోయిన పొగ

2023 మే నెల, రెడ్డిగూడెం దగ్గర మామిడితోటలో ఒక ఇల్లు. నూజివీడు చుట్టుపక్కల అరిగిపోయిన సింకులకి రంగు వేయడం నా పని. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు చాలామంది. సింకు పీకితే గట్టు పగులుతుంది, గట్టుతో పాటు టైల్సూ ఊడతాయి. అందుకే నాలాంటి వాడికి ఇంకా పని దొరుకుతోంది.

ఇంటాయన ఏసురత్నం గారు, మామిడి రైతు. ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. ఆలోగా పాత పింగాణీ సింకు తెల్లగా మెరవాలని ఆయన భార్య సంతోషమ్మ గారి పట్టుదల. సింకుని గీకి, రుద్ది, ఎపాక్సీ పెయింట్ మొదటి కోటు వేశాను. ఎపాక్సీ అంటే రెండు డబ్బాల సరుకు. ఒకదాంట్లో రంగు, ఇంకోదాంట్లో హార్డెనర్, అంటే రంగుని గట్టిపరిచే మందు. పలచన చేయడానికి థిన్నర్ కలుపుతాం. ఆ ఆవిరికి నిప్పు తగిలిందా, భగ్గుమంటుంది.

"కిటికీలు తెరిచే ఉంచండి. పొయ్యి మాత్రం వెలిగించకండి," అని చెప్పాను.

"ఆరడానికి వేడి కావాలాండీ?" అన్నారు ఏసురత్నం గారు.

"ఈ ఎండలు చాలవాండీ," అని నవ్వి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి వంటింటి తలుపూ కిటికీలూ మూసి ఉన్నాయి. కిటికీ సందుల్లోంచి వరిగడ్డి కనిపిస్తోంది. ఏసురత్నం గారు పెరటి చివర నుంచి నిప్పుల కుంపటి గోనెపట్టాతో పట్టుకుని మోసుకొస్తున్నారు. మామిడికాయలు మగ్గబెట్టే పద్ధతి అది. గది మూసి, సందులన్నీ కుక్కి, లోపల పొగ పెడతారు. నా రంగునీ అలాగే మగ్గబెట్టబోతున్నారని అప్పుడర్థమైంది.

"అమ్మగారెక్కడండీ?"

"లోపలే ఉంది, సందులు కుక్కుతోంది. పొయ్యి వెలిగించొద్దన్నారుగా, అందుకే కుంపటి పెడుతున్నా."

పొయ్యి గురించి నేను చెప్పిన మాట ఆయన తప్పలేదు. కిటికీల సంగతి మాత్రం కాయలు మగ్గబెట్టే అలవాటులో కొట్టుకుపోయింది. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి వంటింటి మెట్ల మీదే వదిలేస్తారేమోనని భయం. అరవకపోతే తలుపు దాకా వెళ్లిపోతారు. పరుగెత్తి అడ్డంపడి, ఆయన చేతిలోని కుంపటి లాక్కుని పెరట్లోకి ఎంత దూరం పోతే అంత దూరం పోయి ఇసుకలో బోర్లించాను. అరచేతులు కాలిన సంగతి తర్వాత తెలిసింది.

సంతోషమ్మ గారు తలుపు తీసుకుని వచ్చి మెట్టు మీద కూలబడ్డారు. "కళ్లు తిరుగుతున్నాయండీ. వాసనేలే అని ఓర్చుకున్నా," అన్నారు.

అసలు సంగతి చెప్పాను. ఏసురత్నం గారు ఇసుకలోని నిప్పుల వంక చూశారు, ఆవిడ వంక చూశారు. "నా చేత్తోనే..." అన్నారు. ఆ మాట విన్నాక నాలో ఉన్న కోపం కాస్తా పోయింది.

చేయకూడనివి చెబితే సరిపోతుందనుకునేవాణ్ణి అప్పటిదాకా. మనం వద్దన్నది మానేసి, మనకి తట్టనిది చేస్తారు జనం, అదీ మంచికే అనుకుని. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా డబ్బా మూత తీసే ముందు, "నేను వెళ్లాక మీరేం చేస్తారో చెప్పండి," అని అడుగుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. జవాబు చెప్పేదాకా నేను మూత తీయను.

మర్నాడు చేతులకి గుడ్డలు చుట్టుకుని రెండో కోటు వేస్తుంటే ఏసురత్నం గారు తోటకి వెళ్లలేదు. పెరట్లో నిలబడి, పనేమీ లేకపోయినా ఉండుండి పిలుస్తూనే ఉన్నారు.

"సంతోషం."

"ఇక్కడే ఉన్నానండీ," అని వసారాలోంచి పలుకుతూనే ఉన్నారావిడ.