జివ్వుమంటే చెప్పు

ట్రక్కు మమ్మల్ని దించి వెళ్లేసరికి మంచు పడుతోంది. చప్పుడు లేని మంచు. చెట్టు లేదు, పక్షి లేదు, కిందా పైనా తెలుపే. నగరిలో నేతపని ఇంట్లో పుట్టినవాణ్ణి, అప్పటిదాకా ఎండ తప్ప మరొకటి ఎరగను. భుజాన రైఫిల్, వీపున కిట్‌బ్యాగ్, కాళ్లకి ఒకదానిమీద ఒకటి రెండు జతల ఉన్ని మేజోళ్లు. మొదటి వారమంతా ఆర్డరు ఒకటే: పరుగెత్తొద్దు, నీళ్లు తాగుతూ ఉండండి. గాలి పలచగా ఉన్నచోట మనిషి సగం నిద్రలోనే తిరుగుతాడు. అందుకేనేమో, ఆ చలికాలం నాకు చూసినట్టు కాదు, కలగన్నట్టు గుర్తుంది.

కొండమీది పోస్టుకి కిరోసిన్ మోయడం మా సెక్షన్ పని. ఒక మధ్యాహ్నం వీపున డబ్బాతో ఉండగా కాలు జారింది. పడలేదు గానీ నడుం మెలిపడింది. సాయంత్రానికి నొప్పి ఎడమ పిరుదు నుంచి బొటనవేలి దాకా దిగింది. రేడియో ఆపరేటర్ కిందికి కబురు పంపాడు: "ఒక మనిషి, నడవలేడు. ప్రాణాపాయం లేదు. ఓవర్." ఆ ప్రాణాపాయం లేదన్న మాటకి నాకు ఒళ్లు మండింది. నొప్పి వాడిది కాదుగా.

లోయలో మిలిటరీ ఆసుపత్రి. కొన్ని వారాలు మాత్రలు మింగాను, తగ్గలేదు. స్కాన్ చూసి మేజర్ హోదా డాక్టరు చెప్పాడు: డిస్కు పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోంది, వాపు తగ్గించే మందు నరం పక్కనే సూదితో వేయాలి. వెన్నులో సూదేస్తే కాళ్లు పడిపోతాయని మా వీధి వీధంతా నమ్ముతుంది. కాళ్లు పోతే ఇక్కడ సిపాయిగా పనికిరాను, ఇంటికెళ్లి మగ్గమూ తొక్కలేను.

అక్కడి నర్సింగ్ అసిస్టెంట్ మనవాడే, పుత్తూరు పక్క. "బయపడొద్దప్పా," అన్నాడు. "కాళ్లు పడిపోయేది శానా అరుదు. అసలుండదని మాత్రం సెప్పను. సీము పట్టొచ్చు, లోపల రక్తం కారొచ్చు, నరానికి సూది తగలొచ్చు. తలనొప్పి రావచ్చు. రక్తం పలచన సేసే మాత్రలు తింటా ఉండావా? సుగరుండాదా?"

"ఏమీ లేవప్పా."

"ఇంకోటి ఇను. ఇది డిస్కును ఎనక్కి పెట్టదు. వాపు తగ్గిస్తాది, అంతే. కొందరికి నెలల తరబడి పనిచేస్తాది, కొందరికి అసలు సెయ్యదు. తర్వాత కాల్లో బలం తగ్గినా, ఒంటేలు ఆగిపోయినా ఎంటనే సెప్పల్ల."

తియ్యటి అబద్ధం చెప్పలేదు కాబట్టే వాణ్ణి నమ్మాను.

బోర్లా పడుకోబెట్టి పొట్టకింద దిండు పెట్టారు. నడుం మీద చల్లటి మందు తుడిచారు. కాస్త మగతనిచ్చే మందు ఇచ్చారు గానీ నిద్రపుచ్చలేదు. మెలకువగా ఉంటేనే కాల్లో ఏమవుతోందో మనిషి చెప్పగలడట. మొదట చర్మాన్ని మొద్దుబార్చే సూది, తరవాత పొడుగాటిది. ఎక్స్‌రే యంత్రం నామీదికి వంగి సన్నగా మోగింది. ఆ మోతలో మా వీధి మగ్గాలు వినబడ్డాయి. నగరిలో మంచు పడుతోంది. నాయన ఆ మంచులో కూర్చుని నూలు తడుపుతున్నాడు. నాకేమీ వింతగా తోచలేదు.

"హిల్‌నా మత్," అన్నాడు మేజర్, కదలొద్దని. కదల్లేదు. ఉన్నట్టుండి కాలంతా మెరుపు పాకింది.

"దర్ద్ హై?" నొప్పిగా ఉందా అని అడిగాడు.

"నహీ సాబ్."

నేను అబద్ధమాడలేదు. నొప్పయితే నొప్పనే అందును. ఇది నొప్పి కాదు. దీనికి హిందీలో ఏమంటారో నాకు తెలియదు. మేజర్ సూదిని ఇంకాస్త నెట్టబోయాడు.

నా కాళ్లదగ్గర నిలబడ్డ పుత్తూరువాడు నా బొటనవేలు గుంజుకోవడం చూసి గబుక్కున దాన్ని పట్టుకున్నాడు. "ఏందప్పా, జివ్వుమనిందా?"

"జివ్వుమనిందప్పా!"

"సాబ్, రుకియే!" ఆగమని అరిచాడు.

సూది వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది. జివ్వు ఆగింది. సూది సరైన చోట ఉందో లేదో తెలియడానికి ముందు రంగు మందు వదిలారు. తల పక్కకి తిప్పి ఉన్నాను కాబట్టి తెరమీద నాకూ కనబడింది. తడి నూలుకి రంగు పట్టినట్టు, నరం వెంట నల్లగా, నిదానంగా పాకింది. రక్తనాళంలోకి పోవడం లేదని చూసుకున్నాకే మేజర్ అసలు మందు వదిలాడు.

నొప్పి పూర్తిగా పోలేదు. నడిచేంత తగ్గింది, మిగతాది వ్యాయామం చూసుకుంది. మళ్లీ పోస్టుకి వెళ్లి, డ్యూటీ ముగించి నా కాళ్లమీద నేను కొండ దిగాను. కొన్నేళ్లకి యూనిఫాం విప్పి నగరి వచ్చేశాను.

పోయినేడాది నాయనకీ అదే జబ్బు. తిరుపతిలో సూది వేయించాం. నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపి చెప్పాను. "నాయనా, నొప్పా అని అడిగితే లేదని ఊరుకోవద్దు. జివ్వుమంటే జివ్వుమనిందని సెప్పు."

"అట్లే లేరా. ఎన్నితూర్లు సెప్తావు?"

బయట బెంచీమీద కూర్చున్నాను. తిరుపతి ఎండలో నా కళ్లముందు మంచు పడుతూనే ఉంది. తలుపు తెరుచుకోగానే లేచి స్ట్రెచర్ దగ్గరికి పరుగెత్తాను. నాయన రెండు పాదాలూ ఆడించి చూపించాడు.

"జివ్వుమనిందిరా. సెప్పినాను. నిలిపేసినారు," అన్నాడు. "ఆ టీవీలో నేనూ సూసినా. పోగుకి రంగు బాగా పట్టిందిరా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"కాలు ఇడువురా, అందరూ సూస్తాండారు," అన్నాడు నాయన.

అప్పుడు చూసుకున్నాను. ఆయన బొటనవేలు నా పిడికిట్లో ఉంది.