తగ్గిన నొప్పి

మా వదిన స్కూలు యూనిఫాంలు కుట్టేది. మిషన్ సూది వేలిలో దిగినా పంటి బిగువున లాగేసి, గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ తొక్కే రకం. "నీది ఒళ్ళా, రాయా?" అని ఏడిపించేదాన్ని. నవ్వేది తప్ప బదులు చెప్పేది కాదు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండింది. ఏడో నెలలో ఒక పొద్దున కుడి డొక్క పట్టుకుని మిషన్ మీద వాలిపోయింది. బిడ్డ తన్నుతున్నాడంది. అన్నయ్య నమ్మేశాడు. నాకు ఒళ్ళు మండి, ఇద్దరినీ బండెక్కించి ఆసుపత్రికి లాక్కుపోయాను.

డాక్టరమ్మ రక్తం తీయించింది. "అపెండిక్సేమోనని అనుమానం. బిడ్డ పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుంది, అందుకే నొప్పి డొక్కలో ఉంది. తెల్లకణాలు ఎక్కువగానే ఉన్నాయి. కానీ కడుపుతో ఉన్నప్పుడు అవి మామూలుగానే పెరుగుతాయి, వాటినొక్కటే నమ్మలేం. స్కానింగులోనూ సరిగ్గా కనబడలేదు. సీఆర్పీ అని ఇంకో పరీక్ష ఉంది, లోపల వాపుంటే అది పెరుగుతూ పోతుంది. ఇప్పుడొకసారి చేయించాను, మధ్యాహ్నం మళ్ళీ చూద్దాం," అంది.

మధ్యాహ్నం రెండోసారి రక్తం ఇచ్చిన కాసేపటికి వదిన లేచి కూర్చుంది. నొప్పి తగ్గిందట. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. నేనూ పిచ్చిదానిలా సంబరపడ్డాను. అంతలో డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని గబగబా వచ్చింది. సీఆర్పీ పొద్దుటికంటే ఎన్నో రెట్లు పెరిగింది.

"లోపల పగిలి ఉండొచ్చమ్మా. పగిలితే కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుంది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే బిడ్డకే ప్రమాదం."

"నొప్పే లేకపోతే కొయ్యడమెందుకు?" వదిన పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. "మత్తిస్తే లోపల వాడికేమైనా అయితే? నేను చేయించుకోను."

డాక్టరమ్మ బతిమాలింది, కోప్పడింది. అన్నయ్య ఆవిడ వైపు ఒకసారి, పెళ్ళాం వైపు ఒకసారి చూస్తూ నిలబడ్డాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి ఆ రోజు ససేమిరా అంది. సాయంత్రానికి చలిజ్వరం వచ్చి, పళ్ళు టకటకలాడుతుంటే అప్పుడు తల ఊపింది.

వదిన బతికింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు.

తర్వాత రెండు మూడు రోజులకే పాలు పడ్డాయి. వార్డులో మంచం పక్కన నిలబడి, తడిసిన బట్టలు నేనే మార్చేదాన్ని. అలా మారుస్తుండగా ఒక పూట గోడ వైపు చూస్తూ అడిగింది.

"వాడి కోసమే వద్దన్నానని వాడికి తెలిసుంటుందా?"

పొడిబట్ట తొడిగి, ఒక్కొక్క బొత్తామే పెడుతూ ఉండిపోయాను.